తరుగు కొట్టు వారిదే

గవరపాలెంలో సూర్యకళ రోజు కుట్టు మిషనుకు మూడు చుక్కల నూనె వేయడంతో మొదలవుతుంది. ముంగిట్లో నీళ్ళు చల్లి, ముగ్గు పెట్టి, టీ తాగి, మెడలో టేపు వేసుకుని కూర్చుంటే, మళ్ళీ లేచేది దివ్య కాలేజీ బస్సు వేళకే. దివ్య ఆమెకు ఒక్కగానొక్క కూతురు. డిగ్రీ రెండో ఏడు. నిండైన మనిషి. జాకెట్లు కుట్టేవాళ్ళకు లావూ సన్నమూ ఉండవు, కొలతలే ఉంటాయి. అందుకని సూర్యకళ కూతుర్ని ఎన్నడూ ఆ మాట అనలేదు. జిమ్ములో చేరతానని అడిగింది దివ్యే. నెలనెలా కట్టేకన్నా ఒకేసారి ఏడాదికి కట్టడం లాభమని అందరూ చెబితే, సూర్యకళ ఏడాదికే కట్టింది.

దివ్య పదకొండు రోజులు వెళ్ళింది. పన్నెండో రోజు పొద్దున్న బస్సు నెహ్రూ చౌక్‌లో ఆగినప్పుడు కిటికీలోంచి చూస్తే, ఎదురుగా తనే ఉంది. మేడంత ఫ్లెక్సీ. ఎడమవైపు చెమట పట్టిన మొహంతో దివ్య, కింద 'ముందు' అని రాసి ఉంది. కుడివైపు ఊరూ పేరూ తెలియని ఒక సన్నటి అమ్మాయి, కింద 'తరువాత' అని. చేరిన రోజున జిమ్ము యజమాని త్రినాధరావు "కొంచెం పక్కకి తిరగమ్మా, రికార్డు కోసమే" అని తీసుకున్న ఫొటో అది.

"ఒలే ముందూ, నీ బొమ్మేనేటే?" అని బస్సులో వెనక సీటు నుంచి ఎవరో అరిచారు. దివ్య తర్వాతి స్టాపులో దిగి నడిచి ఇంటికి వచ్చేసింది.

తరువాత మూడు వారాలు ఆ పిల్ల గడప దాటలేదు. ఇక్కడ ఒక లెక్క ఉంది. వందకు డెబ్భై అయిదు రోజుల హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు. ఇంకో నాలుగు వారాలు వెళ్ళకపోతే ఆ ఏడాది చదువు పోయినట్టేనని కాలేజీ నుంచి కబురు వచ్చింది.

"ఆ బొమ్మ ఉన్నన్నాళ్ళూ నేనా రోడ్డు మీదకి ఎల్లనమ్మా" అంది దివ్య. కాలేజీకి ఇంకో రోడ్డు లేదు.

సూర్యకళ జిమ్ముకు వెళ్ళింది. అది ఒక పాత బెల్లం కొట్టు మేడ మీద ఉంటుంది. కింద త్రినాధరావు తండ్రి ముప్ఫై ఏళ్ళు బెల్లం వ్యాపారం చేశాడు. ఇప్పుడు కింద ఖాళీ, పైన మిషన్లు. తండ్రి కూర్చున్న టేకు కుర్చీలోనే త్రినాధరావు కూర్చుంటాడు. పొట్ట లేని మనిషి. అది నలుగురికీ తెలియాలని బిగుతు చొక్కాలు వేస్తాడు.

"ఆ బొమ్మ తీయించెయ్యండి బాబూ. పిల్ల సదువు ఆగిపోతంది" అంది సూర్యకళ.

"అది పెట్టేకే జనం సేరతన్నారక్కా. ఎలా తీత్తాను?"

"పిల్లనొక మాట అడగలేదు కదా మీరు."

"మంచికే కదా పెట్టేను. మీకంత ఇబ్బందయితే పిల్లని బేగి సన్నబడమనండి. అప్పుడా బొమ్మ ఎవరిదో ఎవరికి తెలుత్తాది?" అని నవ్వాడు. వెనకాల బరువులెత్తుతున్న ఇద్దరూ దింపి మరీ నవ్వారు.

సూర్యకళ టేపు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది. "పోనీ, పిల్ల బదులు నేను రావొచ్చా?"

"కార్డు మీ ఇంట్లో ఎవరిదైనా ఒకటే. రండక్కా, ఏడాదంతా రండి."

ఆయన అంత ధీమాగా అనడానికి కారణం ఉంది. బడి వచ్చే పిల్లలతో నడుస్తుంది, జిమ్ము రాని మనుషులతో నడుస్తుంది. పాతికమంది పట్టే గదికి మూడు వందల మందిని చేర్చుకుంటారు. జనవరిలో చేరినవాళ్ళు ఫిబ్రవరిలో మానేస్తారు. కార్డు మాత్రం పప్పు డబ్బాలో భద్రంగా ఉంటుంది.

ఇంటికొచ్చి సూర్యకళ రసీదు తీసింది. కొత్తవి అచ్చు వేయించడం దండగని త్రినాధరావు తండ్రిగారి రసీదు పుస్తకాలనే వాడుతున్నాడు. పైన పాత పేరు మీద రబ్బరు ముద్ర కొట్టాడు. అడుగున ఉన్న చిన్న అక్షరాలు అలాగే ఉన్నాయి. 'తరుగు కొట్టు వారిదే.'

తరుగు అంటే ఏమిటో బెల్లం మార్కెట్టు తెలియనివాళ్ళకు చెప్పాలి. రైతు తెచ్చిన పచ్చి బెల్లం దిమ్మ ఆరేకొద్దీ బరువు తగ్గుతుంది. ఆ తగ్గబోయే బరువును షావుకారు ముందే కోసుకుంటాడు. అదే తరుగు. ఆ కొట్టులో అచ్చయిన మాటకు తిరుగు లేదు. వెనక బెల్లంలో తరిగినది తండ్రి గోదాములోకి చేరినట్టే, ఇప్పుడు మేడ మీద మనుషుల్లో తరిగినది కొడుకు ఒంటికి చేరుతుంది. ఏటా జనవరి నెలాఖరుకు త్రినాధరావుకు చిన్న పొట్ట వచ్చేది. జనం మానేశాక పక్కూరు తుమ్మపాల దాకా పది రోజులు నడిస్తే పోయేది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. వానాకాలం గోడ చెమ్మగిల్లితే ఎవరైనా వింతగా చెప్పుకుంటారా?

మర్నాడు పక్కింటి నీలవేణి జాకెట్టు గుడ్డ తెచ్చింది.

"వదినా, నీ జిమ్ము కార్డేదే?" అంది సూర్యకళ, కొలత తీస్తూ.

"ఎక్కడో ఉంటాది. ఎందుకు?"

"ఏడాదికి కట్టేసి ఇంట్లో కూకుంటే ఎవడు బాగుపడ్డట్టు? రేపట్నుంచి నాతో రా."

"నాకు మోకాళ్ళొదినా."

"మోకాళ్ళు నాకూ ఉన్నాయి. నా పిల్లని మేడంత బొమ్మ సేసి నిలబెట్టేడు. ఆడు నవ్విన నవ్వు నేను తిరిగిచ్చెయ్యాలి."

నీలవేణి మోకాళ్ళ మాట వదిలేసి, "మా తోటికోడలి కార్డు కూడా ఉంది, తేనా?" అంది.

జాకెట్టు ఇవ్వడానికి వచ్చిన ప్రతి మనిషినీ సూర్యకళ ఇదే అడిగింది. వారం తిరిగేసరికి నలభై మంది అయ్యారు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, వంతులు వేసుకుని నడిచారు. తొక్కారు. ఎత్తారు. ట్రెడ్‌మిల్లు ఒక్క నిమిషం ఖాళీగా లేదు. మనిషికి వారానికి అర కిలో తరిగిందనుకోండి, నలభై మందికి ఇరవై కిలోలు. ఆ ఇరవై కిలోలూ ఎదురుగా కుర్చీలో కనిపించేవి.

రెండో వారంలో త్రినాధరావు ఆడవాళ్ళ వేళ మధ్యాహ్నం ఒంటిగంటకు మార్చేశాడు. ఒంటిగంటకే వచ్చారు. ఫ్యాన్లు పాడయ్యాయన్నాడు. ఆ ఉక్కకి ఇంకో పావు కిలో ఎక్కువే తరిగింది. ఆ చిన్న అక్షరాలు లేకుండా కొత్త రసీదులు అచ్చు వేయించాడు గానీ, పాత రసీదు ఉన్నవాళ్ళకు ఏడాదిదాకా పాత మాటే చెల్లుతుంది. పంతం పట్టి తనే ట్రెడ్‌మిల్లు ఎక్కాడు. అక్కడ తరిగినది కుర్చీలో కూర్చోగానే మళ్ళీ ఆయన ఒంటికే వచ్చింది. కొట్టు ఆయనదే కదా.

ఆయన భార్య నూకరత్నం చొక్కాలు సంచిలో వేసుకుని సూర్యకళ దగ్గరికి వచ్చింది.

"పక్క కుట్లు విప్పి లూజు సెయ్యాలి."

సూర్యకళ తిరగేసి చూసింది. "లోపల గుడ్డ లేదమ్మా. బిగుతుగా కావాలని మొత్తం కోయించేసేరు. పక్కన వేరే గుడ్డ వెయ్యాలి."

"ఏదో ఒకటి వెయ్యి. నిన్నట్నుంచి మెట్లు దిగలేపోతన్నారు. కేరేజీ పైకే అంపుతున్నాను." గొంతు తగ్గించి, "నేనూ సెప్పేను, ఆడపిల్ల బొమ్మ వద్దని. వినిపించుకోలేదు" అంది.

కాలేజీ పెట్టిన గడువు ఇంకో ఆరు రోజులుందనగా, త్రినాధరావు సూర్యకళను కుర్చీ దగ్గరికి పిలిచాడు. కుర్చీ చేతుల మధ్య ఇరుక్కుని ఉన్నాడు.

"అక్కా, ఫ్లెక్సీ తీయించేత్తాను. మీవాళ్ళని మానమనండి."

"తీయొద్దు" అంది సూర్యకళ. "ఖాళీ సేత్తే జనం మర్చిపోతారు. బొమ్మ మార్చండి సాలు."

"ఎవరి బొమ్మ?"

ఆమె తలుపు వైపు చూసింది. దివ్య నిలబడి ఉంది. నెలన్నర తర్వాత అదే మొదటిసారి గడప దాటడం. సందుల్లోంచి చుట్టూ తిరిగి వచ్చింది. చేతిలో ఫోను.

త్రినాధరావు మొహం దించుకున్నాడు. ట్రెడ్‌మిల్లు మీద నీలవేణి ఆగింది. ఒక్కొక్కరే అందరూ ఆగారు.

"కొంచెం పక్కకి తిరగండి సార్" అంది దివ్య. "రికార్డు కోసమే."

ఆయన తిరిగాడు.

మూడో రోజుకు నెహ్రూ చౌక్‌లో కొత్త ఫ్లెక్సీ లేచింది. ఎడమవైపు పాత త్రినాధరావు, పొట్ట లేకుండా, 'ముందు'. కుడివైపు ఇప్పటి త్రినాధరావు, 'తరువాత'. దివ్య బస్సు ఎక్కింది. ఆమె ఒక్క కిలో కూడా తగ్గలేదు, తగ్గాలనీ అనుకోలేదు. చౌక్ దగ్గర వెనక సీటు వాళ్ళంతా కిటికీలకు అతుక్కుపోయి నవ్వుతుంటే, తను పుస్తకంలోంచి తలెత్తలేదు. హాజరు డెబ్భై ఆరు దగ్గర ఆగింది. హాల్ టికెట్టు వచ్చింది.

ఆ ఫ్లెక్సీ చూసి మాకవరపాలెం నుంచి కూడా జనం వచ్చారు. తరుగు అంతా కళ్ళెదుట కుర్చీలో ఉంటే, ఇక్కడ నిజంగా తగ్గుతారని ఇంకెవరు రుజువు చేయాలి? అందరూ పాత రసీదే కావాలన్నారు. అదయితేనే బరువు ఖాయంగా దిగుతుందట. నూకరత్నం రాసిచ్చింది. త్రినాధరావు వద్దని కుర్చీలోంచి చెయ్యి ఊపాడు గానీ, ఆ చెయ్యి ఇప్పుడు అంత ఎత్తుకు లేవడం లేదు.

మొన్న ఆయనకు కొత్త చొక్కా కొలత తీయడానికి సూర్యకళ రెండు టేపులు ముడివేసింది.

"ఇంకా ఎన్నాళ్ళు వత్తారక్కా?" అని అడిగాడు ఆయన, మెల్లగా.

ఆమె కొలత రాసుకుని, ముడి విప్పి, ఒక టేపు మెడలో వేసుకుంది.

"మీరే కదా బాబూ ఏడాదంతా రమ్మన్నారు. ఇంకా తొమ్మిది నెలలుంది" అని, కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ట్రెడ్‌మిల్లు ఎక్కింది.