పొర తీయని కన్ను

మా మేడమ్ నా బొమ్మను దగ్గరగా చూసి, వెనక్కి జరిగి చూసి, మళ్లీ దగ్గరికొచ్చి, "ఇది మంచు కాదమ్మా, సున్నం కొట్టిన గోడ" అంది. క్లాసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు నా జట్టువాడే, తొందర. ప్రతి పనికీ "ఎప్పుడిస్తావ్, ఎప్పుడిస్తావ్" అని ప్రాణం తోడేస్తాడని వాడికి ఆ పేరు పెట్టాం.

మాది చదువులో భాగంగా చేస్తున్న వీడియో గేమ్. కోడ్ రాసి మనుషుల్ని నడిపించేది తొందర. అసలు ఆ లోకం ఎలా ఉండాలి, వెలుతురు ఎటునుంచి పడాలి, మనిషి ఎలా కనబడాలి అని ముందుగా గీసి ఇవ్వాల్సింది నేను. దాన్నే కాన్సెప్ట్ ఆర్ట్ అంటారు. ఆట చిన్నదే. దట్టమైన మంచు, ఒక ఇంటి గుమ్మం, లోపల దీపం పట్టుకుని నిలబడ్డ మీరు. మంచులోంచి ఎవరెవరో మీ ఇంటివైపు వస్తుంటారు. ముఖం తెలియకముందే మీ మనిషిని గుర్తుపట్టి తలుపు తీయాలి. పరాయివాళ్లకు తీశారా, చలిగాలికి మీ దీపం కొడిగడుతుంది. వినడానికి బాగానే ఉంది కదా. గీయబోతే మాత్రం ప్రతిసారీ గోడే వచ్చేది.

ఆ వారంలోనే మా అమ్మమ్మకు కుడికంటి శుక్లం తీశారు. ఎడమకన్ను ఇంకా అలాగే ఉంది, నెల తర్వాత తీస్తామన్నారు. కంట్లో కత్తి పెడతారన్న భయంతో ఆవిడ ఏళ్లకు ఏళ్లు వాయిదా వేసిన ఆపరేషన్ అది. కట్టు విప్పిన దగ్గర్నుంచీ ఇంట్లో ఒకటే గోల.

"ఒసేయ్, ఈ బకెట్ నీలం రంగుదా!"

"నువ్వు కొన్నదేగా అమ్మమ్మా."

"నేను కొన్నది మట్టిరంగుది. ఇది ఎవరు మార్చారు?"

అరచేత్తో ఒక కన్ను మూసి చూస్తుంది, చెయ్యి మార్చి రెండోది మూసి చూస్తుంది. "ఇటు మూస్తే ఒక ఇల్లు, అటు మూస్తే ఇంకో ఇల్లు" అని తనలో తనే మురిసిపోతుంది. నేను బొమ్మ చెడిన కోపంలో ఉన్నాను. ఆ మాట విని నా చేతిలోని కంచం అక్కడే పెట్టేశాను.

"పొర ఉన్న కంటికి ఇల్లు ఎలా ఉంది?"

"ఎలా ఉంటుందే, మంచు పడ్డట్టు."

"తెల్లగానా?"

"తెలుపెక్కడిది? కాగిన నూనెలోంచి చూసినట్టుంటుంది. దీపానికి అంచులుండవు, తలంటుకుని ఆరబెట్టుకున్న జుట్టులా చుట్టూ రేగి ఉంటుంది."

నేను వెతుకుతున్న లోకం మా వంటింటి పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది, దాని కాపురం అంతా అక్కడే సాగింది, నాకు తెలియలేదు.

ఆ సాయంత్రమే పని మొదలుపెట్టాం. తెర వెలుగు కొత్త కంటికి గుచ్చుకుంటోందని, కంప్యూటర్‌లో గీసినదాన్ని వీధి చివరి షాపులో పెద్ద కాగితాల మీద ప్రింటు తీయించుకొచ్చేదాన్ని. అమ్మమ్మ వీధి గుమ్మానికి ఎదురుగా కుర్చీలో కూర్చునేది. బాగైన కన్ను మూసి, పొర ఉన్న కంటితో గుమ్మంలోంచి వీధిని చూసేది. తర్వాత పొర కన్ను మూసి, బాగైన కంటితో నా కాగితాన్ని చూసేది. రెండూ ఒకటయ్యేదాకా నన్ను వదిలేది కాదు.

"మెట్టుకి అంచు గీశావేం? మెట్టు కాలికి తెలుస్తుంది గానీ కంటికి తెలియదు. చెరిపెయ్."

చెరిపేదాన్ని. తెలుపు పోయి తేనెరంగు వచ్చింది. అంచులు పోయాయి. ఒకనాడు కాగితాన్నీ గుమ్మాన్నీ మార్చి మార్చి చూసి, "ఇదే" అంది. నేను ఆ బొమ్మకేసి చూస్తూ ఉండిపోయాను. ఈ లోకంలో కూర్చునా ఈవిడ నాకు జడలు వేసింది, బియ్యంలో రాళ్లు ఏరింది, పడిపోయిన సూది వెతికి ఇచ్చింది? చిన్నప్పట్నుంచి ఒకే మంచం మీద పడుకున్నాం, ఆవిడ ఎక్కడుందో నాకు ఇప్పుడు తెలిసింది.

ఇక మనుషుల సంగతి. "మనిషి ఒక్కసారిగా రాడే" అంది. "ముందు ఒక కదలిక వస్తుంది. తర్వాత నడక వస్తుంది. నడక వచ్చిందంటే మనిషి తెలిసిపోయినట్టే. మీ అమ్మకి భుజాలు ముందొస్తాయి, ఎవరితోనో తగువుకి బయల్దేరినట్టు."

"మరి నేను?"

"నువ్వా? చెప్పులు ముందొస్తాయి, నువ్వు తర్వాతెప్పుడో వస్తావు."

"తాతయ్య?"

ఆవిడ గుమ్మంవైపు తిరిగింది. "ఎడమపక్కకి కొంచెం ఒరిగి వస్తారు. మధ్యలో ఒకసారి ఆగుతారు. ఆగి, మళ్లీ వస్తారు" అంది. తాతయ్య పోయి రెండేళ్లయింది. ఆవిడ మాత్రం, వీధి మలుపు దాకా వచ్చేసినట్టే చెప్పింది. ఆటలో ఆడేవాళ్ల సొంత మనిషిగా నేను ఆ నడకనే గీశాను.

ఈసారి మేడమ్ జోకులు వేయలేదు. బొమ్మల ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడింది. చివరికి, "తలుపు తీశాక ముఖం కనబడాలిగా. ఆ దగ్గరి బొమ్మ ఏది?" అని అడిగింది. వెనకనుంచి తొందర వెంటనే, "అవును, ముఖం ఎప్పుడిస్తావ్?" అన్నాడు.

ఇంట్లో ఇంకో రగడ మొదలైంది. రెండో ఆపరేషన్‌కి ఇచ్చిన తేదీకి అమ్మమ్మ వెళ్లనంది. ఇంకో తేదీ ఇస్తే దానికీ వెళ్లనంది. "పిల్ల బొమ్మలు అవ్వాలి, ఈ కంటితో పనుంది" అని నా మీదకు నెట్టేసింది. పొర గట్టిపడుతోందని, ఇంకా ఆలస్యం చేస్తే కంటికే ముప్పని డాక్టరు ఫోన్లో గట్టిగానే చెప్పాడట. అమ్మ నా మీద విరుచుకుపడింది.

"నీ ఆటల కోసం మా అమ్మ కన్ను తీసేస్తావా?"

"మంచు బొమ్మలు ఎప్పుడో అయిపోయాయి! నేనేం ఆపలేదు!"

అమ్మ నమ్మలేదు. నేను రుసరుసలాడుతూ అమ్మమ్మను వెతుక్కుంటూ ముందుగదిలోకి వెళ్లాను. ఆవిడ గోడకున్న తాతయ్య ఫొటో ముందు నిలబడి ఉంది. ఆఖరి ఏడాదిలో అమ్మ ఫోన్లో తీసి ఫ్రేము కట్టించిన ఫొటో అది. అమ్మమ్మ అరచెయ్యి ఎడమకంటి మీద ఉంది.

"ఎవరే ఈయన?"

"అదేంటి అమ్మమ్మా, తాతయ్య."

"అందరూ అలాగే అంటున్నారు." చెయ్యి దించలేదు. "ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే చూశాను. బుగ్గలు పీక్కుపోయి, కళ్లు లోపలికి పోయి... నాకు తెలియదే ఈ ముసలాయన. పొర పట్టకముందు చూసిన ముఖం ఒకటుంది, అది నల్లజుట్టు ముఖం. ఆ తర్వాత నాకు నడకే గానీ ముఖం లేదు. ఆయన తెలిసింది ఈ పాడు కంటికొక్కదానికే. దీన్నీ కడిగేస్తే, ఆయన నాకు ఇంకెటునుంచి వస్తారు?"

నా కోపం ఎటుపోయిందో పోయింది. ఆవిడ కాపాడుకుంటున్నది నా బొమ్మల్ని కాదు. కన్ను పోయినా సరే, ఆయన వచ్చే దారి పోకూడదు.

ఫొటో దించుకుని నా బల్ల మీద పెట్టుకున్నాను. మేడమ్ అడిగిన ముఖం ఇదే. కానీ మంచులోంచి వచ్చే మనిషికీ ఈ ముఖానికీ మధ్య వంతెన లేదు. వంతెన వేయకుండా ముఖం చూపిస్తే అమ్మమ్మ మళ్లీ "ఎవరే" అంటుంది, ఇక ఆ కన్ను ఎవరు చెప్పినా ముట్టనివ్వదు. చూసి చూసి నా కళ్లే మసకబారాయి. అప్పుడు కనబడింది, చొక్కా కాలరు. ఎడమవైపు కిందికి జారి ఉంది. భుజం అటు ఒరిగి ఉంది. బుద్ధెరిగినప్పట్నుంచి రోజూ చూసిన మనిషి, రెండేళ్లుగా గోడ మీదున్న ఫొటో, అయినా ఈ ఒరుగు నేను ఒక్కసారీ చూడలేదు. అమ్మమ్మ మంచులోంచి చూసింది.

ఆ ఒరుగు పట్టుకుని గీశాను. మొదటి బొమ్మలో తేనెరంగు మసక, అందులో ఒక కదలిక. తర్వాతి దాంట్లో మంచు ఒక పొర తీశాను, ఒరుగు తెలిసింది. ఇంకో పొర తీశాను, ఆగిన మనిషి తెలిశాడు. అలా ఒక్కో కాగితంలో ఆయన్ని ఒక్కో అడుగు నడిపించుకుంటూ వచ్చాను. చివరి దాంట్లో మంచు లేదు. గుమ్మంలో దీపం వెలుగు, ఆ వెలుగులో ఫొటోలోని ముఖం, పీక్కుపోయిన బుగ్గలతో సహా. దేన్నీ అందంగా మార్చలేదు.

ఆదివారం పొద్దున బట్టలారేసే తాడును ముందుగది ఈ చివర నుంచి ఆ చివరకు కట్టి, కాగితాల్ని వరసగా క్లిప్పులతో వేలాడదీశాను. అమ్మమ్మను పిలిచాను. అమ్మ గరిటె పట్టుకునే వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

అమ్మమ్మ పొర ఉన్న కన్ను అరచేత్తో మూసుకుని, బాగైన కంటితో మొదటి కాగితం చూసింది. "ఆఁ, వస్తున్నారు" అంది, మామూలుగా. రెండో దాని దగ్గర, "ఆగుతారు చూడు" అంది. తర్వాతి కాగితంలో తాతయ్య ఆగి ఉన్నారు. ఆవిడ కూడా ఆగింది. రెండో చేత్తో తాడు పట్టుకుని నడుస్తూ ఒక్కో కాగితం దాటింది. ఆఖరి కాగితం ముందుకొచ్చి నిలబడింది.

తాడు పట్టుకున్న చెయ్యి పైకి లేచింది. ముఖం దగ్గరికి పోలేదు, తిన్నగా మెడ దగ్గరికి పోయింది. కాగితం మీద ఆ జారిన కాలర్ని రెండు వేళ్లతో పట్టుకుని పైకి లాగబోయింది. ఆ వేళ్లకు ఆ చోటు అంత అలవాటు.

"ఎన్నిసార్లు సర్దినా జారిపోయేది" అంది. అప్పుడు తలెత్తి ముఖం చూసింది. ఎడమకంటి మీదున్న చెయ్యి తనంతట తనే కిందికి దిగింది.

"ఇంత ముసలివారైపోయారా!" అంది. నవ్వబోయి ఏడ్చేసింది. "నా పక్కనే ఉండి ఇంత ముసలివారైపోయి, నాతో ఒక్క మాటైనా అనలేదు చూడు."

అమ్మ గరిటె ఎక్కడ పెట్టిందో గానీ వచ్చి ఆవిడ భుజం పట్టుకుంది. అమ్మమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది, కొత్త కన్ను జాగ్రత్తగా ఒత్తుకుంది. ఫొటో తెమ్మంది. తెస్తే బొమ్మ పక్కన పట్టుకుని దాన్నీ చూసింది, దీన్నీ చూసింది. ఈసారి "ఎవరే" అనలేదు.

"ఆ డాక్టరుకి ఫోన్ చెయ్యవే" అంది అమ్మతో. "ఇంతదూరం వచ్చిన మనిషిని ఒంటికంటితో చూడటమేంటి?"