అన్న బిగించిన చాంబర్

కార్లు బాగుచేసే షెడ్డులో అన్నదమ్ములిద్దరూ పాతికేళ్లు పని పంచుకున్నారు. ఇంజన్ పైభాగం తమ్ముడిది, కిందిభాగం అన్నది. హెడ్డు, వాల్వులు తమ్ముడు చూసేవాడు. క్రాంకు, బేరింగులు, అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ అన్న చూసేవాడు. ఒకరు బిగించిన బోల్టు మీద ఇంకొకరు పానా పెట్టేవారు కాదు. కూర్చుని మాట్లాడుకున్న ఒప్పందం కాదది. మొదట్లో ఒకసారి తమ్ముడు తొందరపడి చాంబర్ బిగిస్తే అన్న పల్లెత్తు మాట అనకుండా మొత్తం విప్పి మళ్లీ బిగించాడు. అప్పట్నుంచి తమ్ముడు అటు చెయ్యి పెట్టలేదు. బండ్లవాళ్లు వాళ్లను పెద్దమేస్త్రీ, చిన్నమేస్త్రీ అనేవారు.

పెద్దమేస్త్రీ కడుపులో జబ్బుతో పోయి రెండేళ్లయింది.

ఒకరోజు పొద్దున వదిన ఆఫీసుకు వెళ్తూ షెడ్డు ముందు కారు ఆపింది. ఆమె పోస్టాఫీసులో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. ఇరవై రెండేళ్ల నాటి ఆ కారుకు ఇంజన్ మొత్తం విప్పి కట్టింది పెద్దమేస్త్రీ. పదకొండేళ్ల కిందటి మాట. పోస్టాఫీసులో కారు నిలిపేచోట ఆయిల్ మరకలు పడుతున్నాయట. వాచ్‌మన్ అట్టముక్క తెచ్చి కింద పరిచి, "మీ బండికి జలుబు చేసిందమ్మా, ముక్కు ఆగట్లేదు" అన్నాడట. ఆ మాట చెప్పి వదిన నవ్వింది. తరవాత నవ్వు ఆపి అంది.

"ఆయన కట్టిన ఇంజన్లన్నీ ఎక్కడెక్కడో తిరుగుతున్నాయి చిన్నా. మన చేతిలో మిగిలింది ఇదొక్కటే. జాగ్రత్తగా చూడు."

చూస్తానన్నాడు చిన్నమేస్త్రీ. ఆమె బస్సెక్కి వెళ్లింది.

ఇంజన్ వేడెక్కించి ఆయిల్ ప్రెషర్ మీటరు పెట్టి చూశాడు. బండి నిలబడి ఉన్నప్పుడు ముల్లు ఉండాల్సినదానికి కాస్త కిందే ఉంది. ఆయిల్ మూత విప్పితే లోపల తారులాంటి మడ్డి. అన్న మంచాన పడ్డ ఏడాదిలోనూ, ఆ తరవాత రెండేళ్లలోనూ ఎవరూ ఆయిల్ మార్చలేదు. తగ్గినప్పుడల్లా వదిన పైన పోసుకుంటూ వచ్చింది. చిన్నమేస్త్రీ కూడా అడగలేదు. ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం ఆ మడ్డితో పూడుకుపోయింది. దారి లేక ఆ గాలి ఆయిల్‌ను సందుల్లోంచి బయటికి తోస్తోంది.

చెయ్యాల్సిన పనేమిటో అతనికి తెలుసు. చాంబర్ దించి, లోపల కడిగి, ఆయిల్ పీల్చే జాలీ శుభ్రం చేసి, కొత్త ప్యాకింగ్‌తో బిగించాలి. పానా తీసుకుని కారు కిందికి దూరాడు.

చాంబర్ అంచు చుట్టూ ప్యాకింగ్ పేస్టు సన్నటి గీతలా బయటికి వచ్చి ఉంది. ఎక్కడా ఎక్కువ లేదు, తక్కువ లేదు. అన్న దాన్ని వేలితోనే పూసేవాడు. పూసి, టీ తాగి వచ్చి, అప్పుడు బోల్టులు రెండు విడతలుగా బిగించేవాడు. చిన్నమేస్త్రీ మొదటి బోల్టు మీద పానా పెట్టాడు. చెయ్యి తిప్పలేదు. పానా తీసేసి బయటికి వచ్చాడు.

వీధి చివరి దుకాణానికి వెళ్లి ఫ్లష్ డబ్బా తెచ్చాడు. పాత ఆయిల్లో పోసి పది నిమిషాలు ఇంజన్ నడిపితే మడ్డి కరిగి ఆయిల్‌తోపాటు దిగిపోతుంది. ఏ బోల్టూ విప్పక్కర్లేదు, అడుగున ఆయిల్ దించే నట్టు తప్ప. పాత ఇంజన్లో ఫ్లష్ పొయ్యొద్దని ఎందరికో చెప్పినవాడే. కరిగింది పోతుంది సరే, కరగనిది పెళ్లలుగా ఊడి వెళ్లి జాలీకి అడ్డం పడుతుందని చెప్పేవాడు. ఆ రోజు మాత్రం, పది నిమిషాలే కదా అనుకున్నాడు.

ఆయిల్ నల్లగా దిగింది. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టరు వేశాడు. మీటరు ముల్లు కూడా కాస్త పైకి లేచింది. మూడు రోజులు అట్టముక్క మీద చుక్క పడలేదు. జలుబు తగ్గిందని వాచ్‌మన్ అన్నాడని వదిన ఫోన్ చేసింది. నాలుగో రోజు మళ్లీ చేసింది. సిగ్నల్ దగ్గర ఆగితే ఎర్ర ఆయిల్ లైటు వెలిగి ఆరుతోందని. అన్న ఉన్నప్పటి నుంచీ అది అంతేనని, పట్టించుకోవద్దని చెప్పాడు. ఐదో రోజు సాయంత్రం వెలిగిన లైటు ఇక ఆరలేదు. పట్టించుకోవద్దన్నాడు కదా అని వదిన బండి నడుపుతూనే ఉంది. ఇంటికి మూడు కిలోమీటర్ల దూరంలో ఇంజన్ లోపల సుత్తితో కొట్టినట్టు నాలుగు దెబ్బలు వినపడి, బండి ఆగిపోయింది.

మర్నాడు తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. వదిన సెలవు పెట్టి వచ్చింది. విప్పేటప్పుడు తను ఉంటానంది. వద్దని అనలేకపోయాడు.

పేస్టు గట్టిగా పట్టుకుంది. బోల్టులన్నీ తీసినా చాంబర్ ఊడలేదు. సన్నటి కత్తి దూర్చి చుట్టూ కోస్తూ వస్తే ముప్పావుగంట పట్టింది. వదిన కారు పక్కన చతికిలబడి లైటు పట్టుకుంది. చాంబర్ దిగాక అతను జాలీ మీద వేలితో గీశాడు. జాలీ కనపడలేదు, మడ్డే కనపడింది. చాంబర్ అడుగున బేరింగుల తగరం ముక్కలు ఉన్నాయి. ఒక రాడ్డు విరిగి బ్లాకును చీల్చుకుని బయటికి వచ్చింది. ఇక కట్టడానికి లేదు.

ఆ మాట చెప్పాడు. వదిన లైటు కింద పెట్టింది.

"ముందే విప్పి ఉంటే?"

"బతికేది వదినా. ఆ జాలీ కడిగితే చాలు, ఇంకో పదేళ్లు తిరిగేది. నాకు తెలుసు. తెలిసే విప్పలేదు."

"ఎందుకని?"

"అన్న బిగించింది కదా."

ఆమె తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. వదిన ఆ నల్లటి జాలీని వేలితో తాకి చూసింది.

"జబ్బు మొదట్లోనే కోసి చూద్దామన్నాడు డాక్టరు" అంది. "మీ అన్నయ్య సరేనన్నాడు. నేనే వద్దన్నాను. కత్తి పెట్టొద్దు, మందులతో చూడండి అని కాళ్లావేళ్లా పడ్డాను. తర్వాత కోసేసరికి లోపలంతా పాకిపోయింది."

ఈ సంగతి అతనికి తెలియదు. మందులకు లొంగుతుందని డాక్టర్లే అన్నారని ఇంట్లో అందరూ అనుకున్నారు. రెండేళ్లుగా అదే మాట పదిమందికి అతనూ చెబుతూ వచ్చాడు.

అదీ ఇదీ ఒకటి కాదు వదినా అందామనుకున్నాడు. ఒకటి ఎందుకు కాదో అతనికి తోచలేదు.

వదిన లేచి చీర కుచ్చిళ్లు దులుపుకుంది. సోమవారం ఆఫీసుకు వెళ్లాలని, ఏ ఇంజన్ దొరికితే అది పెట్టమని చెప్పింది. రోడ్డు దాకా తోడు వెళ్దామని అతను లేచాడు.

"నువ్వు రాకు" అంది. బస్‌స్టాపు వైపు నడిచి వెళ్లిపోయింది.