దర్జీ బావ నడక

డెబ్బై నిండిన నెలలోనే దర్జీకి తన ఒంటి సంగతి తెలిసొచ్చింది. దుకాణంలో జారిపడిన సూది కోసం నేల మీద కూర్చున్నాడు. అంతే, మళ్లీ లేవలేకపోయాడు. బల్ల కాలు పట్టుకున్నాడు, గోడ పట్టుకున్నాడు. ఒళ్లు పైకి రాలేదు. భార్య వచ్చి లాగింది. ఆమె బలం చాలక తమ్ముడికి కబురు పెట్టింది.

ఆ తమ్ముడు రిటైరైన పోస్ట్‌మాన్. ముప్ఫై ఏళ్లు సంచీ తగిలించుకుని వీధులన్నీ తిరిగినవాడు. బావకంటే రెండేళ్లే చిన్న. పరుగున వచ్చి, చంకల కింద చేతులేసి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"బావా, నువ్వు అచ్చం బట్టల మూటవైపోయావు."

"నలభై ఏళ్లు మిషను తొక్కిన కాళ్లురా ఇవి! అది వ్యాయామం కాదూ?"

"పాదాలు కదిలాయి. మిగతా మనిషి కూర్చునే ఉన్నాడుగా!"

ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మా ఆ మాటే అంది. "గుండె బాగానే ఉంది. తొడల్లో కండే కరిగిపోయింది. ఏ వయసులో మొదలుపెట్టినా కొంత బలం తిరిగొస్తుంది. రోజూ నడవండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవండి."

మర్నాటి నుంచి ఆరింటికల్లా బావమరిది గుమ్మంలో ప్రత్యక్షం. తప్పించుకోవడానికి దర్జీ చెయ్యని ప్రయత్నం లేదు. ఒకరోజు తలనొప్పన్నాడు. "నడిచేది కాళ్లతో కదా, పద" అన్నాడు బావమరిది. మొదటి వారం వీధి మలుపు దాకా వెళ్లేసరికే ఆయాసం. మూడో నెలకి వంతెన దాటి వెనక్కి వచ్చారు.

కుర్చీ లెక్క భార్యది.

"ఏడు తర్వాత మళ్లీ ఏడేంటే?"

"సగమే లేచారు. అది లెక్కలోకి రాదు."

ఏడాది తిరిగేసరికి దర్జీ తన ప్యాంట్ల నడుము తానే రెండంగుళాలు బిగించుకున్నాడు. బావమరిది రావడం కాస్త ఆలస్యమైతే తానే వాళ్లింటికి వెళ్లి తలుపు కొట్టేవాడు.

ఆ చలికాలంలో పోస్ట్‌మాన్‌కి నిమోనియా వచ్చింది. జ్వరం తగ్గింది కానీ మనిషి దిగాలుపడిపోయాడు. ఆసుపత్రి మూడో అంతస్తుకి మెట్లెక్కి వచ్చిన బావను చూడగానే ముఖం తిప్పుకున్నాడు.

"జీవితమంతా నడిచి ఏం లాభం బావా? మంచం పట్టింది నేను. కూర్చున్నవాడివి నువ్వు బాగున్నావు."

దర్జీ గబగబా బయటికి నడిచాడు. వెళ్లి డాక్టరమ్మను వెంటబెట్టుకొచ్చాడు.

"నడిస్తే జబ్బే రాదని ఎవరన్నారండీ?" అందామె. "వచ్చినదాన్ని తట్టుకునే ఒళ్లుంది మీకు. ఈ వయసులో ఇంత జబ్బు చేసి ఐదో రోజుకే లేచి కూర్చున్నారంటే ఊరికే కాదు. ఇక మంచం దిగండి."

దర్జీ చెయ్యి చాచాడు. "ఇవాళ ఆ కిటికీ దాకా."

"నా వల్ల కాదు."

"నీ బరువు నా మీద వెయ్యరా. నేను మోస్తాను."

పోస్ట్‌మాన్ భయపడుతూనే ఆ భుజం మీద వాలాడు. భుజం కుంగలేదు. అడుగులో అడుగేసుకుంటూ కిటికీ చేరేసరికి ఇద్దరికీ చెమట పట్టింది. పోస్ట్‌మాన్ కళ్లు మాత్రం వేరే కారణంగా తడిశాయి. దర్జీ అది చూడనట్టు కిటికీలోంచి కింద పోయే వాహనాలను చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత పోస్ట్‌మాన్‌కి పాత వేగం రాలేదు. దర్జీయే అడుగు చిన్నది చేసుకున్నాడు. అలా ఇంకో పదకొండేళ్లు కలిసి నడిచారు. ఆ ఏళ్లలో నడక వల్ల వచ్చినవెన్నో, విధి ఇచ్చినవెన్నో చెప్పలేనంది డాక్టరమ్మ.

దర్జీ భార్యకి ఆ లెక్కతో పనిలేదు. "ఎనభై దాటినా ఇద్దరూ ఎవరి చొక్కా వాళ్లే తొడుక్కుంటున్నారు, ఎవరి పోట్లాట వాళ్లే పెట్టుకుంటున్నారు. నాకంతకన్నా ఏం కావాలి?" అనేది.