దీవెనమ్మ కిలో రాయి

నేను ఒక కిలో రాయిని. రాయి అనేది జనం మాట. నిజానికి నేను ఆరు పలకల పోత ఇనుమును. నెత్తిన అంకె, అడుగున ఒక గుంట. పుట్టినప్పుడు ఆ గుంటలో సీసం పోసి, సరిగ్గా కిలో తూగేలా చేసి, దాని మీద సర్కారు ముద్ర కొట్టారు. ఆ ముద్రను చూసుకుని కొన్నాళ్లు మురిసిపోయాను. మనుషుల చేతికి వచ్చాక ఆ మురిపెం తీరిపోయింది.

నా మొదటి యజమాని బియ్యం కొట్టు వీరభద్రయ్య. రోజూ పొద్దున్నే కొట్టు తెరిచి, తక్కెడకు దణ్ణం పెట్టి, నాకు ఇంత కుంకుమ బొట్టు పెట్టి కళ్లకు అద్దుకునేవాడు. అంత భక్తిగా అద్దుకున్నవాడే ఒక మధ్యాహ్నం నన్ను బోర్లా తిప్పి, ఉలితో నా కడుపులోని సీసం తవ్వేశాడు. గుంటలో లక్క నింపి పైన మసి పూశాడు. మర్నాడు యథాప్రకారం బొట్టు పెట్టాడు. అప్పటి నుంచి మనిషి కళ్లు మూసుకుని చేతులు జోడిస్తే చాలు, ఇక ఎవరి కొంప ముంచుతాడోనని నాకు దిగులు.

కొట్టు పెరిగి పెద్ద కాటా వచ్చాక నన్ను దీవెనమ్మకు అమ్మేశాడు. దీవెనమ్మ రేపల్లె వైపు పల్లెల్లో సంతలకు తిరిగి ఎండు చేపలు, ఎండు రొయ్యలు అమ్ముకునే మనిషి. మొగుడు పోయాక బుట్టే ఆమెకు దిక్కు. "అమ్మడానికి మాత్రమే వాడుకో, దీంతో ఏదీ కొనకు" అని వీరభద్రయ్య నవ్వుతూ చెప్పాడు. ఆమెకు అర్థమైంది. ఆమె కూడా నవ్వింది. పడవల దగ్గర ఆమె సరుకు కొనేది బుట్టల లెక్కన కాబట్టి అక్కడ నాతో పనిలేదు. సంతలో అమ్మకానికి నేనే.

దీవెనమ్మ చెడ్డ మనిషి కాదు. ఆదివారం మందిరానికీ, శుక్రవారం ఉపవాస కూటానికీ తప్పకుండా వెళ్లేది. కాకపోతే ఎప్పుడూ గుమ్మం పక్కన, చాప చివర కూచునేది. ఎండు చేపల వాసన ఎంత రుద్దుకున్నా పోదు. ముందు వరసల్లో వాళ్లు పైట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం ఒకసారి చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆమే అటువైపు వెళ్లడం మానేసింది.

ఒక శుక్రవారం సంత నుంచి నేరుగా కూటానికి వెళ్లింది. బయట పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయంతో నన్ను గుడ్డసంచిలో వేసి ఒళ్లో పెట్టుకుంది. ప్రార్థన జరుగుతోంది. ఉన్నట్టుండి ఆమె కాస్త పక్కకు జరిగింది, ఎవరికో చోటిచ్చినట్టు. పక్కన ఎవరూ లేరు. ఎక్కడ బరువు పడినా నాకు తెలియకుండా పోదు, ఆ చాప మీద ఏ బరువూ పడలేదు. అయినా దీవెనమ్మ కళ్లు తెరవకుండా, చడీచప్పుడు లేకుండా ఏడ్చింది.

కూటం చివర పాస్టరు జకరయ్య గారు, దేవుడు తమకు చేసిన మేలు గురించి ఎవరైనా సాక్ష్యం చెబుతారా అని అడిగితే, ఎన్నడూ లేవని మనిషి లేచి నిలబడింది.

"ఎవరో వచ్చి నా పక్కన కూచున్నట్టయిందయ్యగారూ. నా దగ్గర వాసనొస్తది గదా. అయినా లేచి పోలా. అంతే."

అందరూ ఇంకా ఏదో వస్తుందని చూశారు. ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి, "అంతేనా? వెలుగేమన్నా కనపడిందా?" అని అడిగింది. దీవెనమ్మ తల అడ్డంగా ఊపి కూచుంది.

మరుసటి శుక్రవారం వెలుగు కనపడింది. ఆపై వారం ఆ వెలుగులోంచి ఒక చెయ్యి వచ్చింది. పక్క ఊరి కూటానికి పిలిస్తే అక్కడ స్వరం కూడా వినపడింది. జనం స్తోత్రం అన్నప్పుడల్లా దీవెనమ్మ గొంతు పెరిగేది. తెల్లచీర కొంది, పౌడరు రాసుకుంది, ఆమెకు ముందు వరసలో కుర్చీ కూడా వేశారు. ఇటు సంతలో మాత్రం అంతా మామూలే. నేను తక్కెడలో, లక్క నా కడుపులో. పైగా ఇప్పుడు తూచేముందు "ప్రభువా" అనడం మొదలుపెట్టింది. ఆ మాట వినపడగానే నాకు వీరభద్రయ్య కుంకుమ గుర్తొచ్చేది. నా కడుపులోంచి పోయిందంతా ఈమె సాక్ష్యంలోకి చేరుతోందని కసిగా అనుకునేదాన్ని. మొదటి రోజు ఏడుపును కూడా అనుమానించాను. అది నాటకానికి నాందేమో అనుకున్నాను.

ఇలా ఉండగా ఒక ఊళ్లో కూటం అయ్యాక యెమీమా అనే పిల్ల ఆమె దగ్గరికి వచ్చింది. పెళ్లయి ఎన్నాళ్లో కాలేదు, పుట్టిన బిడ్డ పురిట్లోనే పోయిందట.

"అప్పట్నించీ నేనూ ఉపవాసాలుంటన్నా పిన్నీ. నాకు వెలుగు రాలా. నేనేం తప్పు చేశానంటావు?"

ఆ పిల్ల బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. నిలబడటానికే గోడ పట్టుకుంది. దీవెనమ్మ ఆమెను మెట్ల మీద కూచోబెట్టి, తనూ పక్కన కూచుంది.

"వెలుగు లేదమ్మా. చెయ్యీ లేదు, స్వరమూ లేదు. అయ్యన్నీ నేను కలిపినయ్యి. పక్కన కూచున్నట్టయింది చూడు, అదొక్కటే నిజం. నువ్వేం తప్పు చెయ్యలా తల్లీ. ముందు ఏదన్నా తిను."

ఆ పిల్ల నమ్మిందో లేదో నాకు తెలియదు. దీవెనమ్మ భుజం మీద తల ఆనించింది. దీవెనమ్మకు సిగ్గుతో ఒళ్లు చల్లబడటం ఆమె ఒళ్లో సంచిలో ఉన్న నాకు తెలిసింది. ఆ తర్వాత ఆమె ఏ ఊరి కూటంలోనూ మైకు పట్టుకోలేదు.

తర్వాతి సంతకు ముందే నన్ను తూకపు రాళ్లు బాగుచేసే సుభానీ దగ్గరికి తీసుకెళ్లింది. అతను లక్క పెరికి, గుంట చూసి నవ్వాడు.

"ఇన్నేళ్లు లేంది ఇప్పుడెందుకమ్మా?"

"మందిరంలో నా పక్కన కూచున్నాయన సంతకి రాడంటావా?"

సుభానీ కొలిమి రాజేశాడు. సీసం కరిగించి పోసి, చెక్కి, సరిచూసి, ముద్ర కూడా వేయించి ఇచ్చాడు. కడుపు నిండింది గానీ నాకేమీ సంతోషం కలగలేదు. ఎన్నాళ్ల ముచ్చటలే ఇది అనుకున్నాను. కూటాల్లో ఎక్కిన వేడి సంతలో దిగిపోవడం చాలాసార్లు చూశాను.

ఆ రోజు మొదటి బేరం వజ్రమ్మది. బస్టాండు దగ్గర మెస్సు నడుపుతుంది. వారం వారం కిలో ఎండు రొయ్యలు కొని తన రేకు డబ్బాలో పోయించుకుంటుంది. ఎప్పుడూ అంచుకు బాగా కిందనే ఆగే రొయ్యలు ఆ రోజు అంచు దాటి పొంగాయి. వజ్రమ్మ సంతోషించాలా? కళ్లు చిన్నవి చేసింది.

"ఏమే, పాతయ్యి అంటగడతన్నావా? పురుగు తిని డొల్లయితేనే గదా కిలోకి ఇన్ని తూగేది."

ఒక రొయ్యను తుంచి చూసింది, వాసన చూసింది. ఇప్పుడు దీవెనమ్మ ఏం చెబుతుందో నాకు తెలుసు అనుకున్నాను. నీ మీద అభిమానంతో నాలుగు ఎక్కువేశానక్కా అంటే సరిపోతుంది. పాత దొంగతనం బయటపడదు, పైగా మంచి పేరు వస్తుంది. ఆమె నన్ను పళ్లెంలోంచి తీసి చేతిలో పట్టుకుంది.

"రొయ్యలు మంచియ్యే అక్కా. ఇన్నాళ్లూ నా రాయి తక్కువది, నాకు తెలుసు. మొన్న సీసం పోయించా. ఇయ్యాలే నీకు నిండు కిలో వచ్చింది."

వజ్రమ్మ డబ్బాను బుట్టలోకి బోర్లించింది. "మీటింగుల్లో మైకు పట్టుకుని ఏడ్చేది నువ్వే గదా" అని సంతంతా వినేలా అని వెళ్లిపోయింది. పక్క బుట్టల వాళ్లు కూడా దీవెనమ్మకు ఎడంగా జరిగారు. ఆమె నోరు ఇంకా సాగితే తమ రాళ్ల కడుపులు కూడా ఎవరైనా తిప్పి చూస్తారని వాళ్ల భయం. ఆ తర్వాత సంతల్లో ఆమె బుట్ట నిండుగా వచ్చి నిండుగానే తిరిగిపోయేది. ఇంట్లో ఒంటిపూట వంట అయింది.

సంగతి తెలిసి జకరయ్య గారు బుట్ట దగ్గరికి వచ్చారు. ఓదార్చడానికేమో అనుకున్నాను.

"పండగ కూటాల్లో ఈ రాయి సంగతి సాక్ష్యంగా చెప్పమ్మా. జనం కదిలిపోతారు."

"వొద్దయ్యగారూ. నన్ను నమ్మి మోసపోయింది సంతలో వాళ్లు. వాళ్లకి చెప్పా."

అయ్యగారు కాస్త చిన్నబుచ్చుకున్నారు. కిలో ఎండు చేపలు మాత్రం కొన్నారు, నన్ను ఒకసారి చేత్తో ఎత్తి చూసి మరీ.

ఆ తర్వాతి సంతలో వజ్రమ్మ మళ్లీ వచ్చింది. పలకరింపు లేదు. సంచిలోంచి తన సొంత కిలో రాయి తీసి దీవెనమ్మ ముందు పెట్టింది.

"తక్కెడెత్తు" అంది.

దీవెనమ్మ ఒక పళ్లెంలో నన్ను, రెండో పళ్లెంలో దాన్ని పెట్టి తక్కెడ ఎత్తింది. చుట్టూ బేరాలు ఆగాయి. ఎందరి సరుకునో అనుమానంగా తూచిన నాకు ఆ క్షణంలో నా మీదే అనుమానం వచ్చింది. సుభానీ చెయ్యి ఏ కాస్త జారి ఉంటే? ఎదుటి రాయి కడుపులో లక్క ఉంటే? పళ్లేలు పైకీ కిందికీ ఊగుతున్నాయి. ఒక్క గింజ తేడా వచ్చినా ఈ మనిషి మాటను ఇక ఎవరూ నమ్మరు. ఆమె నిజం చెప్పిందని నాకు తెలుసు, ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఊగడం ఆగింది. ముల్లు నిటారుగా నిలబడింది.

వజ్రమ్మ వంగి ముల్లును చూసింది. తన రాయి తీసి సంచిలో వేసుకుంది. రేకు డబ్బా ముందుకు తోసింది.

"కిలో తూచు."