బర్మాకు పోయినోళ్లు

అరబ్బుదేశంలో, షువైఖ్‌లోని ఆ గ్యారేజీ నేలమీద ఏడుకొండలు రంపపు పొట్టు చల్లి, అది నూనెను పీల్చుకునేదాకా చీపురు కర్రకు గడ్డం ఆనించి నిలబడ్డాడు. పట్టుకునే చోట కర్ర నున్నబడి మెరుస్తోంది. అతని అరచేతులూ అంతే. ఎండకు పైన రేకులు టపటపమంటున్నాయి. కార్ల కింద పడుకుని పనిచేసేవాళ్ల పాదాలకు తగలకుండా, వాటి చుట్టూ తిరిగి ఊడ్చడం అతనికి అలవాటు. ఇన్నేళ్లలో ఎవరూ అతన్ని పనిగట్టుకుని పిలిచిందీ లేదు, తిట్టిందీ లేదు.

ఇవాళ చీపురు సాగడం లేదు. బావమరిది పెంచల్ మధ్యాహ్నం వెళ్లిపోతున్నాడు, ఎక్కడో మంచుదేశంలో జరిగే యుద్ధానికి. ఉండేందుకిచ్చిన ఇఖామా కాగితం గడువు తీరి, వీసాకు పూచీపడ్డ కఫీల్ ఫోనెత్తక, దాక్కుని తిరుగుతున్న రాయచోటి వైపు మనుషుల్ని ఒక ఏజెంటు పోగుచేశాడు. ఇష్టపడి సైన్యంలో చేరితే చాలట, కాగితాలన్నీ వాళ్లే చూసుకుంటారట.

భోజనాల వేళ గ్యారేజీ వెనక గదికి వెళ్లేసరికి పెంచల్ సంచి సర్దుకుని కూర్చున్నాడు.

“తుపాకీ పట్టుకునేదానికి కాదు బావా. వంటకే.”

“వంటకా? నువ్వు కెలికిన సంగటి మింగల్యాక మీ యక్క నీళ్లు తాగి పండుకునె. శత్రువులకు పెట్టు, వాళ్లే లొంగిపోతారు.”

పెంచల్ నవ్వాడు. ఏడుకొండలుకు నవ్వు రాలేదు.

“కోడిని కొయ్యమంటే కండ్లు మూసుకునేటోనివి. పోవద్దురా. మా తాతకు తాత గూడా ఇట్లే బర్మా యుద్ధానికి పోయినాడంట. తెల్లదొరలు ఎవురినీ ఈడ్సకపోల్యా. మన పక్క ఊర్లోల్లే గుంపుగా పోయి పేర్లు రాపిచ్చుకున్నారంట. మూటలు మోసే పనేలే అన్యారంట వాళ్లకూ.”

“తిరిగొచ్చినాడా?”

“వచ్చింటే నీకు చెప్పేదెందుకు?”

పెంచల్ తల వంచుకున్నాడు. “ఈడుంటే మాత్రం ఏముండాది బావా? పోలీసులు పడితే జైలేగదా.”

తమ్ముణ్ణి చూసుకోమని ఏడుకొండలు భార్య చనిపోయేముందు అడగలేదు. అడగనక్కర్లేదనుకుంది. అతను వాడి చొక్కా కాలరు సరిచేశాడు.

వ్యాను వచ్చింది. లోపలున్నదంతా రాయచోటి వాళ్లే. పెళ్లికి పోతున్నట్టు ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. పెంచల్ ఎక్కాక తలుపు మూసుకుంది. ఏడుకొండలు మళ్లీ గదిలోకి వచ్చాడు.

ఈజిప్టు ఫోర్మన్ గదిలోకి తొంగిచూశాడు. సాయంత్రానికి ఆ గదిలో వేరే మనుషులు దిగుతారు. “యల్లా,” త్వరగా ఊడ్చెయ్ అన్నట్టు నేల చూపించాడు.

మనిషి గడప దాటగానే ఇల్లు ఊడిస్తే ఆ మనిషి తిరిగి రాడంటారు. బర్మాకు పోయినవాళ్ల ఇళ్లలో ఆ పొద్దు ఏ ఆడదీ చీపురు ముట్టలేదని అవ్వ చెప్పేది. ముట్టకపోయినా వాళ్లు రాలేదు. అది తెలిసీ ఏడుకొండలు చెయ్యి కదల్లేదు.

ఫోర్మన్ అతని ముఖంలోకి చూశాడు. “బుక్రా,” రేపు చూద్దాంలే అన్నట్టు చెయ్యూపి, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.

పెంచల్ కూర్చున్న చోట వేరుశనగ పొట్టు పడి ఉంది. ఏసీ గాలికి ఎర్రటి పొర ఒకటి లేచి, గడపదాకా దొర్లి అక్కడ ఆగింది.