ఏనుగు దారి తప్పిన సోమవారం

ఆ ఊళ్ళో మూడు గ్రంథాలయాలు ఉండేవి: అందరిదీ ఒకటి, పిల్లలది ఒకటి, న్యాయశాస్త్రానిది ఒకటి. మూడింటి ప్రోగ్రాములూ ఒకే పాత కంప్యూటరు మీద నడిచేవి. దాన్ని చూసుకునే ఇంజనీరు ఒక్కతే. అందరిదైన పెద్ద గ్రంథాలయం మేడ మీద, పుస్తకాలు కుట్టే గది పక్కన ఆమె కూర్చునేది. పిల్లల గ్రంథాలయం ఆమె అక్క చేతిలో ఉండేది.

ఆ ప్రోగ్రాము జావా అనే కంప్యూటరు భాషలో, ఫ్రేమ్‌వర్క్ అనే ఒక చట్రం మీద కట్టినది. పుస్తకాలు వెతకడానికి ఒక భాగం, అంటే మాడ్యూలు, సభ్యుల వివరాలకు ఒకటి, ఇలా విడివిడిగా ఉండేవి. నడుస్తుండగానే ఒకదాన్ని తీసి కొత్తది పెట్టొచ్చు. కానీ గ్రంథాలయానికో ప్రాసెస్ చొప్పున, అంటే అదే ప్రోగ్రామును విడివిడిగా మూడుసార్లు, నడపడంతో మెమరీ చాలేది కాదు. బడి వదిలే వేళకు కంప్యూటరు చతికిలబడేది.

అందుకే ఆమె ఒకే ప్రాసెస్‌లో మూడు ఫ్రేమ్‌వర్క్‌లు లేపాలనుకుంది. దేని మాడ్యూళ్ళు దానికి, దేని ఫోల్డరు దానికి.

"ఒకటి పడితే మూడూ పడవా?" అన్నాడు పెద్ద గ్రంథాలయం సూపరింటెండెంటు.

"ప్రాసెస్సే పోతే మూడూ పోతాయి సార్. ఒకదాంట్లో మాడ్యూలు మారిస్తే మాత్రం మిగతా రెండిటికీ తెలియను కూడా తెలియదు."

సోమవారం పొద్దున్నే మూడూ లేచాయి. ఆమె కుర్చీలో వెనక్కి వాలిందో లేదో, అక్క ఫోను.

"ఏమే, మా తెర మీద స్వాగతం చెబుతూ గంతులేసే ఏనుగు ఏదే? 'నిశ్శబ్దం పాటించని వారిపై చర్య తీసుకోబడును' అని వస్తోంది. చర్య అంటే ఏంటి మేడమ్ అని పిల్లలు నా ప్రాణం తీస్తున్నారు!"

అది న్యాయ గ్రంథాలయం హెచ్చరిక. ఆమె పిల్లల ఫ్రేమ్‌వర్క్‌ని ఆపి మళ్ళీ లేపింది. "వచ్చిందే, వచ్చింది!" అంది అక్క.

కాసేపటికి మెట్ల మీద బరువైన అడుగులు. న్యాయ గ్రంథాలయాధికారి. నవ్వగా ఎవరూ చూడని మనిషి.

"అమ్మా, మా తెర మీద ఏనుగు గంతులేస్తోంది," అన్నాడాయన గంభీరంగా. "లాయర్లు పని మానుకుని ఫొటోలు తీసుకుంటున్నారు."

ఆమెకు నవ్వు ఆగలేదు. "క్షమించండి సార్" అంటూనే నవ్వింది. ఆ నవ్వులోనే విషయం బోధపడింది. ఆఖరున ఏది లేస్తే దాని మాటే అన్నిచోట్లా వస్తోంది. అంటే స్వాగతం మాటను దాచే చోటు ఒక్కటే ఉంది! మెమరీ మిగులుతుందని, ఆ ముక్కను ఆమే మూడు ఫ్రేమ్‌వర్క్‌లకూ బయట ఉమ్మడిగా పెట్టింది.

దాన్ని బయటి నుంచి తీసి, ఏ ఫ్రేమ్‌వర్క్‌కి ఆ ఫ్రేమ్‌వర్క్‌లో మాడ్యూలుగా పెట్టింది. మధ్యాహ్నానికల్లా ఎవరి తెర మీద వాళ్ళదే వచ్చింది.

బడి వదిలారు. పిల్లలు ఎగబడ్డారు. కంప్యూటరు చలించలేదు. ఆమెకు ఇంకాస్త ధైర్యం వచ్చి, అంత సందడిలోనూ పిల్లల వైపు వెతికే మాడ్యూలును మార్చి కొత్తది పెట్టింది. తర్వాత ఫోను చేసి, "సార్, మీకేమైనా ఇబ్బందిగా ఉందా?" అని అడిగింది.

"లేదే. ఎందుకు ఉండాలి?" అన్నాడు న్యాయ గ్రంథాలయాధికారి. గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, శనివారాల్లో మాత్రం ఆ ఏనుగు మాకూ వచ్చేలా వీలవుతుందా? లాయర్లు అడుగుతున్నారు."

"లాయర్లేనా సార్?"

"నేనూ," అన్నాడాయన.

"భేషుగ్గా వస్తుంది. మీ ఫ్రేమ్‌వర్క్‌లో మీకూ ఒకటి పెడతాను. మా అక్కదాని జోలికి పోను."

సాయంత్రం బస్టాపులో ఆ సంగతి విని అక్క నోరు తెరిచింది. "ఆయనా? నిజంగా?"

"నా మీద ఒట్టు."

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని పడీపడీ నవ్వుతుండగానే ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది. ఇంకా ఎండ ఉంది. గాలీ బాగుంది. చెప్పులు చేత పట్టుకుని నడుద్దామంది అక్క. నడిచారు.