పదిహేడో నంబరు పిల్ల

నా ఫోనులో నా పేరు ‘అన్ని రకాల తాళాలు తీయబడును’ అని ఉంటుంది. ఫోను అమ్మినవాడు నా దుకాణం బోర్డు చూసి అలా ఎక్కించాడు. గిరాకీకి మంచిదే అనుకున్నాను.

కూతురి ఫోను పాడైంది. బడివాళ్లు ఆ వారమంతా పాఠాలు ఫోనులోనే చెబుతున్నారు. మనవరాలు బుల్లి నా ఫోను పట్టుకుని దుకాణంలోనే కూర్చుంటోంది. నేను ఆకురాయితో తాళంచెవి రాస్తున్నాను.

“తాతా, టీచరు మళ్లీ గెంటేసింది.”

“అల్లరి చేశావా?”

“లోపల ఉండనిస్తేగా చెయ్యడానికి! నీ పేరు చూసి, ‘ఎవరండీ, పిల్లల క్లాసులో మీకేం పని?’ అంటుంది. నోరు తెరిచేలోపే తీసేస్తుంది. నిన్నా మొన్నా రాలేదని రాసేసింది. ఈరోజూ రాస్తే పరీక్షకి కూర్చోనివ్వదట.”

పిల్ల ఎదురుగానే ఉంది. పుస్తకం తెరిచి ఉంది. లేదని ఎలా రాస్తారు?

“పేరు మార్చెయ్.”

“పాస్‌వర్డ్ అడుగుతోంది. అందరి తాళాలూ తీస్తావు, నీ ఫోనుది తీయలేవా?”

దానికి చెవి పెట్టే చోటే లేదు. ఏం తీయను?

ఎవరైనా తాళం పోయిందని వస్తే, ఆ ఇల్లు వాళ్లదేనని పక్కింటివాళ్లు చెప్పాకే నేను చెయ్యి వేస్తాను. ఇదీ అలాగే చూద్దామని పిల్లని పక్కనున్న ఇస్త్రీ కొట్టుకి తీసుకెళ్లాను. ఆ కొట్టావిడ కూతురిదీ అదే తరగతి.

“అమ్మాయ్, ఇది మా పిల్లేనని టీచరుకి ఒక్క మాట చెప్పు.”

“టీచరంటే నాకిప్పటికీ భయమే బాబాయ్” అంటూనే ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి, కూతురి చేతిలోని ఫోనులోకి వంగింది. “మేడమ్, ఆ తాళాలాయన దొంగ కాదండీ, మా పక్క కొట్టు బాబాయ్. ఆ ఫోనులో వచ్చేది మీ హాజరుపట్టీలో పదిహేడో నంబరు పిల్ల.”

ఫోనులోని మొహాలన్నీ నవ్వాయి. టీచరు నవ్వలేదు.

“పిల్లని చూపించండి.”

బుల్లిని ముందుకి తోశాను.

“రెండు రోజులూ నువ్వేనా?”

“నేనే టీచర్.”

“అయ్యో! సరేనమ్మా, ఆ రెండు రోజులూ వచ్చినట్టే దిద్దుతాను. పరీక్ష రాద్దువుగాని.”

గండం గడిచింది. కానీ ఎదురుగా ఉన్న పిల్లని లేదన్నారు, ఇప్పుడేమో అయిపోయిన రోజుల్లో ఉందంటున్నారు. నా బుర్రకి ఎక్కలేదు.

“తాతగారూ, మీరిక బయటికి వెళ్లండి, పాఠం మొదలుపెడతాను” అంది టీచరు.

ఎక్కడి నుంచి బయటికో తెలియలేదు. అడిగితే పిల్ల పరువు పోతుందని, ఇస్త్రీ కొట్టు మెట్లు దిగి పాఠం అయ్యేదాకా వీధిలో నిలబడ్డాను.